తలుపు వెడల్పు తగ్గించమన్నదెవరు: హనుమకొండలో ప్రిన్స్‌2 క్లాసు గురించి

నయీంనగర్‌లో రెండు శనివారాలు, రెండు ఆదివారాలు కూర్చుని ప్రిన్స్‌2 ఫౌండేషన్ క్లాసు పూర్తి చేశాను. ప్రిన్స్‌2 అంటే ప్రాజెక్టులను ఒక పద్ధతి ప్రకారం నడిపించే విధానం, ఫౌండేషన్ దాని మొదటి మెట్టు. ఫీజు తొమ్మిది వేలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పది మందితో పని చేయించే బాధ్యత మీ మీద ఉంటే, అది సైటు మీదైనా ఆఫీసులోనైనా, తప్పకుండా వెళ్లండి. సర్టిఫికెట్ వస్తే నెల తిరిగేలోగా ఉద్యోగం వస్తుందనే ఆశతో మాత్రం డబ్బు కట్టొద్దు. నేను చేరేముందు దీని గురించి మన ఊరివాళ్లు తెలుగులో రాసింది ఏదైనా ఉందేమోనని చాలా వెతికాను. దొరకలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మావి ఎక్కువగా క్లినిక్కులు, ల్యాబులు, చిన్న ఆసుపత్రుల పనులు. పార్టిషన్లు, ఫాల్స్ సీలింగు, వైరింగు, ఫర్నిచరు అన్నీ మేమే చేయిస్తాం. మా సార్ పని మాట్లాడుకుని, ఎస్టిమేట్ వేసి, అడ్వాన్సు తీసుకుంటారు. ఆ తర్వాత సైటు తాళంచెవి నా చేతికి వస్తుంది. ఇక పని అప్పజెప్పేదాకా ఫోన్లన్నీ నాకే.

పోయిన వానాకాలం ఒక డయాగ్నస్టిక్ సెంటరు పని చేశాం. అందులో ఎక్స్‌రే గది తలుపుకు సీసం రేకు వేయాలి. మామూలు తలుపుకన్నా బరువు ఎక్కువ, ఖరీదూ ఎక్కువ. డ్రాయింగులో దాని వెడల్పు నాలుగడుగులు. మిషను వచ్చిన రోజు లారీలోంచి పెట్టెలు దించి, టేబుల్ ఉన్న పెద్ద పెట్టెను ట్రాలీ మీద నెట్టుకొచ్చాం. గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నేను టేపు పెట్టి కొలిచాను. మూడున్నర అడుగులు. మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. కార్పెంటర్ అన్నను పిలిచి అడిగితే, "డాక్టర్ సార్ వాళ్ల తమ్ముడు ఫోన్ చేసిండక్కా. రిసెప్షన్ కౌంటర్ పెద్దగ కావాలె, గోడ ఇటు జరుపు, తలుపు జెర చిన్నగ చెయ్యి అన్నడు. నీకు చెప్పిన కద" అన్నాడు. చెప్పే ఉంటాడు, ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నాకే గుర్తు లేదు.

చౌకట్టు ఊడదీసి, అరడుగు గోడ కొట్టించి, తలుపు కొత్తగా చేయించి బిగించేసరికి పదకొండు రోజులు పట్టింది. మిషను బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు అదే రోజు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ పదకొండు రోజులూ డాక్టరు గారికి ఒక్క ఎక్స్‌రే లేదు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు. గోడ ఖర్చు, తలుపు ఖర్చు మా సార్ పెట్టుకున్నారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అయినా చాలా రోజులు ఆ సెంటరు ముందు నుంచి బండి మీద వెళ్లాలంటే మనసొప్పేది కాదు. తప్పు ఎక్కడ జరిగిందో అర్థమైతే కొంత తేలికపడేదాన్ని. అది అర్థం కాలేదు. కార్పెంటర్ అన్న చెప్పిన పని చేశాడు. తమ్ముడు తన అన్న సెంటరు బాగుండాలనే అడిగాడు. మరి తప్పు ఎవరిది?

ఆ ప్రశ్న మోసుకునే క్లాసుకు వెళ్లాను.

క్లాసు రెండో అంతస్తులో, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదింటిదాకా. భోజనం మనమే చూసుకోవాలి, కింద మెస్సు ఉంది. మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి. మడికొండ ఐటీ పార్కు నుంచి నలుగురు, ములుగు వైపు తాగునీటి పనులు చూసే ఒక సైటు ఇంజనీరు, ఒక స్కూలు కరస్పాండెంట్ మేడం, మిగతావాళ్లు చదువు అయిపోయి ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలు. పాఠం చెప్పే సార్‌కు యాభై దాటాయి. చాలా ఏళ్లు బ్రిటన్‌లో పనిచేసి, అమ్మానాన్నలను చూసుకోవడానికి తిరిగొచ్చారు. పాఠమంతా తెలుగులోనే చెప్పారు. ఎగ్జిక్యూటివ్, టాలరెన్స్, వర్క్ ప్యాకేజీ లాంటి పేర్లను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచారు, ఎందుకంటే పరీక్షలో అవే వస్తాయి. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఈ ఒక్క కారణానికే ఆ తొమ్మిది వేలకు న్యాయం జరిగిందంటాను.

పేరు సంగతి. ప్రాజెక్ట్స్ ఇన్ కంట్రోల్డ్ ఎన్విరాన్‌మెంట్స్ అనే పొడవాటి పేరును కుదిస్తే ప్రిన్స్ అయింది. బ్రిటన్ ప్రభుత్వంలో కంప్యూటర్ల వ్యవహారాలు చూసే సంస్థ అంతకుముందున్న ఒక పద్ధతిని తీసుకుని, మార్పులు చేసి, 1989లో దీన్ని తెచ్చింది. కంప్యూటర్ పనులకే కాకుండా ఏ పనికైనా పనికొచ్చేలా తిరగరాసి 1996లో ప్రిన్స్‌2 అన్నారు. ఇప్పుడు నడుస్తున్నది 2023లో వచ్చిన ఏడో ఎడిషన్. హక్కులు, పరీక్షలు పీపుల్‌సర్ట్ అనే సంస్థవి. ఏడు సూత్రాలు, ఏడు ప్రాక్టీసులు (పని పొడుగునా చూసుకోవాల్సిన విషయాలు), ఏడు ప్రాసెస్‌లు (మొదటి నుంచి చివరిదాకా వేసే అడుగులు) ఉంటాయి. మొదటి గంటలో ఈ ఏడులన్నీ బోర్డు మీదికి ఎక్కేసరికి నాకు కొంచెం టెన్షన్ వచ్చింది. అందరికీ వస్తుంది, భయపడకండి. రెండో రోజుకు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయని తెలుస్తుంది.

మొదటి రోజు మధ్యాహ్నం సార్, "మీ పనిలో చెడిపోయింది ఒకటి చెప్పండి" అన్నారు. ఐటీ వాళ్లు సర్వర్ల సంగతులు చెప్పారు. నేను తలుపు సంగతి చెప్పాను. సార్ బోర్డు తుడిచేసి ఒక తలుపు బొమ్మ గీశారు. "ఈ తలుపులోంచి రోజూ మిషను దగ్గరికి పోయేదెవరమ్మా?" అని అడిగారు. ఎక్స్‌రే టెక్నీషియన్ అన్నాను. "అతనితో ఎన్నిసార్లు మాట్లాడారు?" ఒక్కసారి కూడా మాట్లాడలేదు. పని అయిపోయేదాకా అతని పేరు కూడా నాకు తెలియదు. "డబ్బు ఎవరిది?" డాక్టరు గారిది. "తమ్ముడిది ఏ పాత్ర?" నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు ఆయన ప్రాజెక్టు బోర్డు అంటే ఏమిటో చెప్పారు. ప్రిన్స్‌2లో ప్రతి పని మీదా మూడు కళ్లు ఉండాలి. డబ్బు పెట్టే కన్ను, వాడుకునే కన్ను, పని చేసిచ్చే కన్ను. మొదటిది ఎగ్జిక్యూటివ్. ఆ స్థానంలో ఒక్కరే ఉండాలి, ఇద్దరు పంచుకోకూడదు. ఈ పని చేయడం లాభమా కాదా అన్న ప్రశ్నకు చివరిదాకా జవాబుదారీ ఆయనే. రెండోది సీనియర్ యూజర్, రేపు దాన్ని వాడుకునేవాళ్ల తరఫు మనిషి. మూడోది సీనియర్ సప్లయర్, పని చేసిచ్చేవాళ్ల తరఫు. మా పనిలో డాక్టరు గారు ఎగ్జిక్యూటివ్, మా సార్ సప్లయర్. యూజర్ కుర్చీ మొదటి నుంచీ ఖాళీ. ఆ కుర్చీలో టెక్నీషియన్‌నో, అతని మాట తెలిసిన ఇంకొకరినో కూర్చోబెట్టి ఉంటే, తలుపు చిన్నది చేద్దామన్న మాట రాగానే "పెట్టె పట్టదు" అనేవాళ్లు.

ఇక తమ్ముడి సంగతి. ఆయన్ని దూరం పెట్టాలని సార్ అనలేదు. నాకు బాగా నచ్చింది ఇదే. డాక్టరు గారికి తీరిక లేకపోతే చిన్న చిన్న మార్పులు ఒప్పుకునే అధికారాన్ని తమ్ముడికే ఇవ్వవచ్చు. దాన్ని చేంజ్ అథారిటీ అంటారు. ఇన్ని వేలలోపు మార్పులైతే నువ్వే చూసుకో, దాటితే నన్ను అడుగు అని గీత గీసి ఇస్తారు. అప్పుడు ఆయన ఫోనుకు విలువ ఉంటుంది. కానీ ఆ ఫోను నేరుగా కార్పెంటర్‌కు వెళ్లదు. నా పుస్తకంలోకి వస్తుంది. ఎవరు అడిగారు, ఏం అడిగారు, దానివల్ల ఇంకేం మారుతుంది అని రాసుకున్నాకే పనివాళ్ల దగ్గరికి పోతుంది. ఆ పుస్తకమే ఇష్యూ రిజిస్టర్. తమ్ముడు అడిగింది రిక్వెస్ట్ ఫర్ చేంజ్. మేం డ్రాయింగుకు తేడాగా కట్టి ఇచ్చింది ఆఫ్ స్పెసిఫికేషన్. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి తికమక పెడతారు. నాకు మాత్రం తలుపు వల్ల ఎప్పటికీ మరిచిపోలేనంతగా గుర్తుండిపోయాయి.

ఆ తర్వాత మా అందరితో తలుపుకు ప్రాడక్ట్ డిస్క్రిప్షన్ రాయించారు. ప్రాడక్ట్ అంటే అంగట్లో అమ్మే వస్తువే అనుకున్నాను. ఇక్కడ ప్రాజెక్టులో తయారయ్యే ప్రతిదీ ప్రాడక్టే. తలుపూ ప్రాడక్టే, డ్రాయింగూ ప్రాడక్టే. నేను మొదట, "సీసం రేకు తలుపు, నాలుగడుగులు" అని రాశాను. సార్ చదివి, "నాలుగడుగులు ఎందుకు?" అని అడిగారు. మిషను పట్టాలి కదా అన్నాను. "మరి అదే రాయాలి" అన్నారు. తిరిగి రాశాను. ఎందుకు: మిషను టేబుల్ పెట్టెతో సహా లోపలికి వెళ్లడానికి, గది లోపలి కిరణాలు బయటికి రాకుండా ఉండడానికి. ఎలా ఉంటే సరి: పెట్టె వెడల్పుకన్నా చౌకట్టు లోపలి వెడల్పు ఇటు రెండంగుళాలు, అటు రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. ఎలా చూడాలి: గోడ కట్టకముందు నేల మీద సుద్దతో గీసి టేపుతో కొలవాలి. ఎవరు చూడాలి: టెక్నీషియన్, మిషను కంపెనీ ఇంజనీరు. అర పేజీ కూడా కాలేదు. కాగితం మీద "ఎందుకు" అన్న ముక్క ఉండి ఉంటే, కార్పెంటర్ అన్న తమ్ముడితో ఫోన్లోనే "సార్, పెట్టె పట్టదు" అని చెప్పేవాడు. ఆయనకు బుద్ధి లేక కాదు. మేం చెప్పక.

పనుల పేర్లకన్నా ముందు వస్తువుల పేర్లు రాసుకోవాలన్నది ఈ పద్ధతిలో పెద్ద సూత్రం. దానికి సార్ వేయి స్తంభాల గుడిని ఉదాహరణగా చెప్పారు. అక్కడి కల్యాణ మంటపాన్ని 2006లో విప్పారు. రాళ్లకు నంబర్లు వేసి విప్పారు కాబట్టే ఇన్నేళ్ల తర్వాతైనా మళ్లీ పేర్చగలిగారు. 2024లో తెరిచారు. "రాయి నంబరు ముందు, తాపీ పని తర్వాత" అని చెప్పి ఊరుకున్నారు. మేం రోజూ చూసే గుడి కాబట్టి అంతకంటే చెప్పాల్సిన పని లేదు.

పని మొదలుపెట్టకముందు ఉండే రెండు ప్రాసెస్‌లను సంబంధం చూసుకోవడంతో పోల్చారు. స్టార్టింగ్ అప్ అంటే పిల్లను చూడటానికి పోవడం. అసలు ఈ సంబంధం మనకు కుదిరేదేనా అని తెలుసుకోవడానికి ఎంత అవసరమో అంతే ఖర్చు పెట్టాలి. ఇనిషియేటింగ్ అంటే లగ్గం పెట్టుకోవడం. ఖర్చెంత, ఎవరి భాగమెంత, ఏ రోజుకు ఏది కావాలి, అన్నీ కాగితం మీద రాసుకోవడం. పిల్లను చూడకముందే ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇవ్వకూడదు. మా ఆఫీసులో జరుగుతున్నది సరిగ్గా అదే. అడ్వాన్సు వచ్చిన మర్నాడే సైటు మీద గోడ కొట్టడం మొదలవుతుంది. సోమవారం వెళ్లగానే మా సార్‌కు ఈ మాట చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "వచ్చే పనికి వారం ఆగుదాం" అన్నారు.

రెండో శనివారం జరిగిన మేడారం చర్చ గురించి రాయకపోతే ఈ రివ్యూ అసంపూర్ణం. టాలరెన్స్ అంటే ఎంతవరకు అటూ ఇటూ అయినా పైవాళ్లను అడగక్కర్లేదో ముందే గీసుకున్న గీత. కాలం, ఖర్చు, పని పరిధి, నాణ్యత, లాభం, రిస్కు, ఈ ఆరింటికీ గీతలుంటాయి. ఏడో ఎడిషన్‌లో పర్యావరణానికి సంబంధించిన సస్టెయినబిలిటీని కూడా కలిపారు. సార్ మమ్మల్ని గుంపులుగా చేసి, సమ్మక్క సారలమ్మ జాతర ఏర్పాట్లను ఒక ప్రాజెక్టు అనుకుని దీనికి టాలరెన్సులు పెట్టమన్నారు.

మా గుంపులో ములుగు ఇంజనీరు ఉన్నాడు. పోయిన జాతరకు అక్కడ నీళ్ల పనిలో ఉన్నాడట. అతను వెంటనే, "కాలానికి టాలరెన్స్ సున్నా" అన్నాడు. నిజమే కదా. జాతర రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి. కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చే రోజును, చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగివచ్చే రోజును ఏ ఇంజనీరు అడిగినా వాయిదా వేయరు. మరి పని వెనకబడితే ఏది వదులుకోవాలి? ఐటీ అబ్బాయి ఒకరు క్వాలిటీ కొంచెం తగ్గించవచ్చు అన్నాడు. ములుగు ఇంజనీరుకు కోపం వచ్చింది. "తాగే నీళ్లల్ల క్వాలిటీ తగ్గిస్తవా తమ్మీ? జంపన్న వాగు దగ్గర పిల్లాజెల్లలతోటి స్నానాలు చేసేటోళ్లను చూసినవా?" అన్నాడు. అబ్బాయి తగ్గాడు. చివరికి మేం ఖర్చుకు ఎక్కువ సందు పెట్టాం, పరిధికి కొంత పెట్టాం. కొత్త రోడ్డుకు డివైడరు, దీపాల అలంకారం లాంటివి పూర్తి కాకపోయినా జాతర జరుగుతుంది. నీళ్లు, మరుగుదొడ్లు, ఆర్టీసీ బస్సులు ఆగే స్థలం, వీటి మీద గీత కదలకూడదు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో "ఏది కదలొచ్చు, ఏది కదలకూడదు" అని పని మొదలుకాకముందు ఎవరితోనైనా కూర్చుని మాట్లాడానా అని ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆలోచించాను. ఒక్క పనికి కూడా మాట్లాడలేదు. అన్నీ అర్జెంటే, అన్నీ ముఖ్యమే అనుకుంటూ పరుగెత్తాను.

బిజినెస్ కేసు (ఈ పని ఎందుకు లాభమో రాసుకున్న కాగితం), స్టేజీలు (పనిని విడగొట్టుకున్న దశలు), రిస్కు రిజిస్టరు (రాగల చిక్కుల జాబితా) కూడా బాగానే చెప్పారు. అవి పుస్తకంలోనూ ఉంటాయి కాబట్టి ఇక్కడ పొడిగించను. ఒక్కటి మాత్రం చెప్పాలి. బిజినెస్ కేసు మొదట ఒకసారి రాసి బీరువాలో పెట్టేది కాదు, ప్రతి స్టేజీ చివర తీసి చూడాలి. ఇక లాభం లేదని తేలితే సగంలోనైనా పని ఆపేయడం ఈ పద్ధతిలో ఓటమి కాదు. స్కూలు కరస్పాండెంట్ మేడం ఆ మాట రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నారు.

ఇప్పుడు లోపాలు. ఇవి కూడా నిజాయితీగా రాయాలి.

మొదటిది ఫీజు. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "సర్టిఫికేషన్ కోర్సు" అని ఉంది. పరీక్ష ఫీజు అందులో లేదని రెండో రోజు మధ్యాహ్నం గానీ మాకు తెలియలేదు. ఆ పరీక్ష ఫీజు క్లాసు ఫీజుకన్నా చాలా ఎక్కువ. నేను చిట్టీ డబ్బులు తీసి కట్టాను. నాకు ఉద్యోగం ఉంది, కట్టగలిగాను. నా పక్కన కూర్చున్న అమ్మాయి కట్టలేకపోయింది. నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. క్లాసులో అందరికన్నా చురుగ్గా జవాబులు చెప్పింది ఆ అమ్మాయే. నాలుగు రోజులూ విని, పరీక్ష రాయకుండానే వెళ్లిపోయింది. ముందే చెప్పి ఉంటే ఆ తొమ్మిది వేలు దాచుకుని, కొన్నాళ్లు ఆగి, రెండూ కలిపి కట్టుకునేది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఆఫీసులో ఉన్నవాళ్లకు మొహం మీదే చెప్పాను. కొత్త కరపత్రంలో మారుస్తామన్నారు. మీరు చేరేముందు మాత్రం "పరీక్ష వోచరు ఇందులో ఉందా" అని అడిగి, అవునో కాదో రాయించుకోండి.

రెండోది నోట్సు. మాకిచ్చిన స్పైరల్ బుక్కులో సగం పాత ఎడిషన్‌ది. అందులో ప్రాక్టీసులను థీమ్స్ అన్నారు. పాస్ కావడానికి 33 మార్కులు అని ఉంది. ఇప్పుడు 36 కావాలి. పాఠం చెప్పే సార్ కొత్తదే చెప్పారు, కానీ ఇంటికెళ్లి నోట్సు చదివితే రెండూ కలవక బుర్ర వేడెక్కింది. అడిగితే మూడో రోజు కొన్ని జెరాక్సు కాగితాలు ఇచ్చారు. కొత్త పుస్తకంలో మనుషుల గురించి, అంటే మార్పు వచ్చినప్పుడు పనివాళ్లను, వాడుకునేవాళ్లను ఎలా కలుపుకుపోవాలన్న దాని గురించి ఒక భాగమే చేర్చారు. మాలాంటి సైటు పనివాళ్లకు అన్నింటికన్నా అవసరమైన ఆ భాగాన్ని ఆఖరి రోజు సాయంత్రం నాలుగున్నరకు, అందరూ సంచులు సర్దుకుంటున్నప్పుడు, అరగంటలో ముగించారు. దానికి కనీసం సగం రోజు ఇవ్వాలి.

పరీక్ష గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను. ఫౌండేషన్‌కు ముందు అర్హతలేవీ అక్కర్లేదు. ప్రాజెక్టు మేనేజర్లు రాసే ఇంకో పరీక్ష పీఎంపీకైతే కొన్నేళ్ల అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. దీనికి అవి లేవు. 60 ప్రశ్నలు, గంట సమయం, పుస్తకం చూడకూడదు. ఇంగ్లీషు మన మాతృభాష కాదు కాబట్టి అదనంగా పావుగంట ఇస్తారు. బుక్ చేసుకునేటప్పుడే అడగండి, తర్వాత గుర్తొచ్చి లాభం లేదు. నేను ఇంట్లోనే ల్యాప్‌టాప్ మీద రాశాను. కెమెరాలో మనల్ని చూస్తూ ఉంటారు కాబట్టి, బాబును ఆ పొద్దున కాజీపేటలో అమ్మ దగ్గర దింపి వచ్చాను. నాకు 47 వచ్చాయి. చెక్‌పాయింట్ రిపోర్టు ఎవరు ఎవరికి ఇస్తారు, హైలైట్ రిపోర్టు ఎవరు ఎవరికి ఇస్తారు అన్నది బాగా చదవండి. మేస్త్రి నాకు చెప్పేది మొదటిది, నేను బోర్డుకు చెప్పేది రెండోది. నేను అలా గుర్తుపెట్టుకున్నాను.

క్లాసు అయ్యాక బాలసముద్రంలో ఒక డెంటల్ క్లినిక్ పని వచ్చింది. చిన్న పని, రెండు కుర్చీలు. మొత్తం ప్రిన్స్‌2 దానిమీద రుద్దలేదు. పనికి తగ్గట్టు పద్ధతిని కుదించుకోవాలన్నది ఆ ఏడు సూత్రాల్లో ఒకటే. మూడు కాగితాలు పెట్టుకున్నాను. ఒకటి ఎవరెవరు ఏ కుర్చీలో అన్నది. డాక్టరమ్మ ఎగ్జిక్యూటివ్. ఆమె దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న సిస్టర్ యూజర్. సిస్టర్‌ను అలా కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఇంతవరకూ లేరట. స్టెరిలైజరు పెట్టే గట్టు ఎత్తు గురించి, చెత్త డబ్బాలు ఎటువైపు ఉండాలన్న దాని గురించి ఆమె చెప్పినవి నాలుగు పేజీలయ్యాయి. రెండో కాగితం ప్రాడక్టులది. మూడోది నా టాలరెన్స్: మూడు రోజులు, ఇరవై వేలు. అంతవరకు నేనే చూసుకుంటాను, దాటేలా ఉంటే దాటకముందే చెబుతాను.

పన్నెండో రోజున ఎలక్ట్రీషియన్ వచ్చి, కంప్రెసరు, రెండు ఏసీలు కలిపి నడిస్తే ఉన్న మీటరు లోడు చాలదన్నాడు. లోడు పెంచుకోవాలి, దానికి దరఖాస్తు పెట్టాలి, మూడు రోజుల్లో అయ్యేది కాదు. ఇంతకుముందైతే పది ఫోన్లు చేసి, ఎవరికి ఏం చెప్పానో మరిచిపోయేదాన్ని. ఆ సాయంత్రం ఒకే ఒక్క పేజీ రాశాను. ఏమైంది, ఆగితే ఏమవుతుంది, దారులెన్ని, నా సలహా ఏది. దారులు మూడు: అంతా అయ్యేదాకా తెరవకుండా ఆగడం, ఒక ఏసీ తగ్గించి ఉన్న లోడుతోనే తెరవడం, ఇప్పటికి ఒక్క కుర్చీతో మొదలుపెట్టి రెండోది తర్వాత బిగించడం. మూడోది నా సలహా. డాక్టరమ్మ, మా సార్ ఇద్దరూ చదివారు. ఇరవై నిమిషాల్లో ఆమె నిర్ణయం చెప్పింది. అనుకున్న రోజునే ఒక్క కుర్చీతో క్లినిక్ తెరిచారు. సిస్టర్ నన్ను లోపలికి తీసుకెళ్లి, తను చెప్పిన ఎత్తులోనే ఉన్న గట్టు మీద చెయ్యి వేసి చూపించింది.

ఈ పద్ధతికి పై మెట్టు ప్రాక్టీషనర్ పరీక్ష. దానికి పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు, కానీ సందర్భం ఇచ్చి ఆలోచించి రాయమంటారు. ఇప్పుడే వెళ్లను. ముందు ఇంకో రెండు పనులు ఇలా చేసి చూడాలి. దానికన్నా అవసరమైనది ఇంకొకటి ఉందనిపించింది. మా కార్పెంటర్ అన్న, ఎలక్ట్రీషియన్, సుతారి మేస్త్రి, వీళ్లకు ఒక రోజు క్లాసు కావాలి. సర్టిఫికెట్ అక్కర్లేదు, ఇంగ్లీషు పేర్లూ అక్కర్లేదు. ప్రాడక్ట్ కాగితం ఎలా చదవాలి, ఫోన్లో మార్పు అడిగితే ఏమనాలి, గీత దాటుతున్నప్పుడు ఎవరికి చెప్పాలి, ఈ మూడు చాలు. పాఠం చెప్పిన సార్‌ను అడిగాను. పదిహేను మంది అయితే ఆదివారం ఒకటి ఫీజు లేకుండా చెబుతానన్నారు. ఇప్పటికి నా దగ్గర పదకొండు పేర్లున్నాయి. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో సైటు పనులు చేయించేవాళ్లు ఎవరైనా ఉంటే మీ మేస్త్రులను పంపండి. ఇంకా నలుగురు కావాలి.